రాజా దీన్‌దయాళ్ : ఆసఫ్‌జాహీ కొలువులోని ఛాయాచిత్రకారుడు

ముసునూరు ప్రాంతంలో ఏ పాత పెంకుటింటి వసారాలో అడుగుపెట్టినా గోడమీద చెక్కచట్రంలో బిగించిన నలుపు తెలుపు చిత్రమొకటి కనిపిస్తుంది. తలపాగా చుట్టుకొన్న పెద్దాయన కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంటాడు. పెరటి వెనుక మామిడితోట నాటినవాడు ఆయనే. తోట నేటికీ కాపు కాస్తూ ఉన్నది. నాటిన మనిషి ఆ పటంలో మిగిలి ఉన్నాడు. గతించినవారి రూపాన్ని తరాల ముందు నిలుపగల ఈ విద్యను రాజాశ్రయంతో మన తెలుగునేలపై మహోన్నత స్థితికి తెచ్చినవారు రాజా దీన్‌దయాళ్. ఆయన జీవితం విద్యార్థులు తెలిసికొనదగినది.

దీన్‌దయాళ్ 1844లో మీరట్ సమీపాన గల సర్ధనాలో ఒక జైన కుటుంబంలో జన్మించారు. వారిది రత్నవ్యాపారుల వంశం. కులవృత్తిని చేపట్టక, ఆయన రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగు కళాశాలలో శిక్షణ పొంది, 1866లో ఇండోరు ప్రభుత్వ నిర్మాణశాఖలో అంచనాలు, నక్షాలు తయారుచేసే ఉద్యోగంలో చేరారు. ఎనిమిదేండ్ల తరువాత, అనగా 1874లో, ముప్పదేండ్ల వయస్సులో ఆయన కెమెరా పట్టారు. ఇండోరు ప్రభువు తుకోజీరావు హోల్కర్, మధ్యభారత రాజప్రతినిధి సర్ హెన్రీ డేలీ ఆయనలోని ప్రతిభను గుర్తించి ప్రోత్సహించారు.

ఆనాడు ఛాయాచిత్రం తీయటం ఎంతటి శ్రమతో కూడిన పనియో నేటివారు ఊహించలేరు. శుభ్రపరచిన గాజుపలకపై కొలోడియన్ అనే జిగురుద్రవాన్ని సమంగా పరచి, సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో ఉంచి చిత్రం తీయాలి. వెంటనే చీకటి గుడారంలోకి పోయి దానిని కడిగి రూపం తేవాలి. కొద్ది నిమిషాల ఆలస్యమైనా పలక వ్యర్థమయ్యేది. అందువలన చిత్రకారుడు ఎక్కడికి వెళ్ళినా గాజుపలకలు, రసాయనాలు, నీళ్ళు, గుడారం అన్నీ ఎడ్లబండ్లపైనో, కూలీల తలలపైనో వెంట నడిచేవి. అటుపిమ్మట ముందుగానే తయారుచేసి ఉంచుకొనదగిన పొడిపలకలు వాడుకలోకి వచ్చి ఈ కష్టాన్ని కొంత తగ్గించాయి. పలకనుండి చిత్రాన్ని కాగితంమీదికి ఎక్కించటానికి కోడిగ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితాన్ని గాజుపలకకు ఆనించి ఎండలో ఉంచేవారు. సూర్యుడే ముద్రాపకుడు.

1882–83 సంవత్సరాలలో దీన్‌దయాళ్ సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ ప్రాంతమంతా పర్యటించి ప్రాచీన కట్టడాలను చిత్రించారు. ఆ చిత్రాలతో మధ్యభారత ప్రసిద్ధ కట్టడాలపై 1886లో గ్రంథం వెలువడింది. నక్షాలు గీసిన చేయి కనుక, గోపురం నిలువుగీత ఏమాత్రం వంగకుండ, నీడ ఏ వేళకు ఏ శిల్పాన్ని పైకెత్తి చూపునో ఎరిగి ఆయన చిత్రాలు తీశారు. 1885లో వైస్రాయి డఫరిన్ ప్రభువు ఆయనను తన ఛాయాచిత్రకారునిగా నియమించుకొన్నాడు. అనతికాలంలోనే దీన్‌దయాళ్ స్థిరమైన సర్కారు కొలువును విడిచి, నిలకడలేని ఈ కళనే జీవనాధారంగా స్వీకరించారు. సంసారభారం గల వ్యక్తికి అది సామాన్యమైన సాహసం కాదు.

ఆ సాహసానికి అండగా నిలిచినది హైదరాబాదు. 1884లో రాజ్యాధికారాలు స్వీకరించిన ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆయనను తన ఆస్థాన ఛాయాచిత్రకారునిగా చేసికొన్నారు. 1886లో సికిందరాబాదులో చిత్రశాల వెలసింది. విక్టోరియా రాణి తన ఛాయాచిత్రకారునిగా అధికారపత్రం అనుగ్రహించింది. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆయన చిత్రాలకు బహుమానం లభించింది. 1896లో బొంబాయిలో మరొక చిత్రశాల తెరిచారు.

నిజాం ప్రభువు ఆయనకు రాజాబహదూర్ ముసవ్విర్‌జంగ్ అను బిరుదునిచ్చి సత్కరించారు. ముసవ్విర్ అనగా రూపకల్పన చేయువాడు. భగవంతుని తొంబదితొమ్మిది దివ్యనామాలలో ఇదియు ఒకటి. రూపమిచ్చుట సృష్టికర్త పనియని విశ్వసించే సమాజంలో ఛాయాచిత్రం తగునా తగదా అన్న మీమాంస ఉండటం సహజం. అట్టి సమాజపు ప్రభువు ఒక జైన కళాకారుని ఈ పేరుతో గౌరవించటం ఆయన హృదయవైశాల్యానికి నిదర్శనం. ఆసిఫ్ అను కలంపేరుతో కవిత్వం చెప్పిన ఆ ప్రభువు దీన్‌దయాళ్‌ను మెచ్చుకొంటూ ఉర్దూలో ఒక షేర్ కూడ చెప్పినట్లు ప్రతీతి.

దీన్‌దయాళ్ పనులలో మిక్కిలి ఆలోచింపజేసేది 1892లో హైదరాబాదులో స్థాపించిన జనానా చిత్రశాల. పరదా పాటించే కులీన స్త్రీలు పరపురుషుని ఎదుట నిలువరు. ఇంటిలోని మగవారి చిత్రాలు గోడలపై వెలుగుతుండగా, తల్లి ముఖం మాత్రం ఆమెతోనే మట్టిలో కలిసిపోయేది. ఆమెను చూడని మనుమలకు ఆమె ఒక పేరు మాత్రమే. ఈ లోటు తీర్చటానికి ఎత్తైన గోడల నడుమ ప్రత్యేక చిత్రశాల నిర్మించి, శ్రీమతి కెన్నీ లెవిక్ అను ఆంగ్లమహిళను దానికి నిర్వాహకురాలిగా నియమించారు. పరదాను తీసివేయమని ఆయన ఎవరినీ అడుగలేదు. కెమెరానే పరదా లోపలికి పంపారు. ఎదుటివారి మర్యాదకు భంగం కలుగకుండ కొత్తవిద్యను వారి గుమ్మందాక తీసికొనిపోవటం ఎట్లో ఇందులో మనకు బోధపడుతుంది.

ఆయన కెమెరా ముందు నిలిచినవారు రాజులు, నవాబులు మాత్రమే కారు. 1899–1900 నాటి కరవులో సర్కారువారు చేపట్టిన సహాయకార్యాలను కూడ ఆయన సంస్థ చిత్రించింది. ప్రభుత్వ సత్కార్యాలను చాటుటకు తీయించిన చిత్రాలైనా, బక్కచిక్కిన దేహాలను ఏ ప్రచారమూ దాచలేదు. 1902లో వరంగల్లు జిల్లా నెక్కొండ చెంత వేటాడిన పులి ప్రక్కన కర్జన్ దంపతులు నిలిచిన చిత్రం లోకప్రసిద్ధం. పులి జాడ తీసిన పల్లెజనుల పేర్లు మాత్రం మనకు చేరలేదు. చిత్రంలో ఉన్నవారితోపాటు లేనివారిని గూర్చి కూడ తలచుట చరిత్ర చదువువారి ధర్మం.

1904లో కుమారుడు ధరమ్‌చంద్ మరణించాడు. ఆ శోకంలోనే మరుసటి యేడు, 1905 జులైలో దీన్‌దయాళ్ తనువు చాలించారు. మరియొక కుమారుడు జ్ఞాన్‌చంద్ సంస్థను నడిపాడు. 1911లో మహబూబ్ అలీఖాన్ కూడ పరమపదించటంతో ఆ వైభవకాలం ముగిసింది. అయినను గాజుపలకలు మిగిలాయి. ప్రతి పలకపై సంఖ్య, పేరు వ్రాసి భద్రపరచే అలవాటు ఆ చిత్రశాలలో ఉండేది. 1989లో న్యూఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 2,857 గాజుపలకలను సేకరించింది. 2006లో భారత తపాలాశాఖ ఆయన స్మారకంగా స్టాంపు విడుదల చేసింది.

ఆయన జీవితపు చివరి దశలోనే, 1901లో, 120 అను సంఖ్యగల చుట్టఫిల్ము లోకానికి వచ్చింది. మన పట్టణాల స్టూడియోలలో పెండ్లిచిత్రాలు తీసిన రెండు కటకాల పెట్టెకెమెరాలలో వాడినది ఆ ఫిల్మే. పై కటకంతో చూచి, క్రింది కటకంతో తీసే ఆ యంత్రంలో చుట్టకు పన్నెండు చిత్రాలు మాత్రమే వచ్చేవి. కావున ప్రతి నొక్కుకూ ముందు ఆలోచన ఉండేది. అట్టి కెమెరాలు మన ఇండ్ల అటకలమీద నేటికీ కొన్ని ఉన్నాయి. మామిడికాపు ముగిసి వానలు పట్టిన వెనుక, తోలుసంచిలో మూసి ఉంచిన కటకానికి బూజు పడుతుంది. సంచి తీసివేసి, గాలి వెలుతురు తగులనిచ్చి, తేమ పీల్చే సిలికాజెల్ పొట్లాలతో డబ్బాలో ఉంచితే అది చిరకాలం నిలుస్తుంది. నూనె ఎండి షట్టరు బిగిసికొన్నప్పుడు బలవంతంగా లాగరాదు. నూనె చుక్కలు పోయరాదు. పని ఎరిగినవానికి అప్పగించాలి. పాత నెగటివులను పొడిచోట, కాగితపు తొడుగులలో, పేరు, ఊరు, సంవత్సరం వ్రాసి ఉంచాలి.

సంఖ్యలేని పలక ఎంత అందమైనదైనా కొంతకాలానికి అనామకమవుతుంది. కావున విద్యార్థులారా, ఈ వేసవి సెలవులలో మీ వసారాలోని పటాన్ని ఒకసారి క్రిందికి దించండి. అందులోని వారెవరో చెప్పగల పెద్దలు మీ ఇంట ఇంకను ఉన్నప్పుడే అడిగి, పటం వెనుక ఆ పేరు వ్రాయండి. ఉర్దూలో వ్రాసినా, తెలుగులో వ్రాసినా సరే. దీన్‌దయాళ్ స్మృతికి మనం చేయగల సేవ అది.