పిన్నమ్మ గదిలో చరిత్ర పాఠం: హజ్రత్ ఉర్వా బిన్ జుబైర్ (రహ్మ)

ధార్మిక విద్య అనగానే మన కళ్ల ముందు ఒక మద్రసా మెదులుతుంది. బారులు తీరి కూర్చున్న పిల్లలు, వారి ముందు రిహల్‌లు, ఎదురుగా ఒక ఉస్తాద్. గురువు ఒక్కరే, శిష్యులు అనేకులు. కాని మన ఉమ్మత్‌కు అందిన అతి విలువైన పాఠాలలో కొన్ని ఒకే గురువు, ఒకే శిష్యుడు ఎదురెదురుగా కూర్చున్న ఒక చిన్న గదిలో జరిగాయి. ఆ గది మదీనాలో మస్జిదె నబవీని ఆనుకుని ఉండేది. గురువు విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి). శిష్యుడు ఆమె అక్క కొడుకు హజ్రత్ ఉర్వా బిన్ జుబైర్ (రహ్మ). దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) జీవిత విశేషాలు ఈనాడు మనకు ఇంత వివరంగా తెలియడానికి ఆ పాఠాలు ఒక ముఖ్య కారణం. అందుకే ఈ నెల ఆ మహనీయుని జీవితాన్ని పాఠకుల ముందుంచుతున్నాము.

పుట్టుక, కుటుంబం

ఉర్వా (రహ్మ) హిజ్రీ 23లో జన్మించారని కొందరు, ఆ తర్వాతి సంవత్సరాలలో అని మరికొందరు చరిత్రకారులు రాశారు. తండ్రి హజ్రత్ జుబైర్ బిన్ అవ్వామ్ (రజి), స్వర్గ శుభవార్త పొందిన పదిమందిలో ఒకరు. తల్లి హజ్రత్ అస్మా (రజి), హజ్రత్ అబూబకర్ సిద్దీఖ్ (రజి) పెద్ద కుమార్తె. అన్నగారు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ (రజి), మదీనాలో ముహాజిర్లకు పుట్టిన మొదటి బిడ్డ.

ఇంతటి వంశంలో పుట్టినా ఆయన బాల్యం ప్రశాంతంగా గడవలేదు. హిజ్రీ 36లో జమల్ సంఘటన జరిగినప్పుడు ఆయన ఇంకా చిన్నవాడని వెనక్కు పంపించివేశారు. ఆ సందర్భంలోనే తండ్రి షహీదయ్యారు. ఆ తర్వాత మదీనాలో ఆయనకు గొప్ప ఆశ్రయం పిన్నమ్మ ఇల్లే అయింది. ఆ ఇంట్లో ఆయనకు దొరికింది ఆదరణ ఒక్కటే కాదు, జ్ఞానం కూడా.

తెర లేని శిష్యుడు

హజ్రత్ ఆయిషా (రజి) వద్దకు దూరదూరాల నుంచి విద్యార్థులు వచ్చేవారు. పరాయి పురుషులు తెర వెనుక కూర్చుని వినేవారు. ఉర్వా (రహ్మ) సొంత అక్క కొడుకు కనుక ఆయనకు తెర అవసరం లేదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు లోపలికి వెళ్లగలరు. సందేహం కలిగిన క్షణంలోనే అడగగలరు. అడిగిన ప్రశ్న తప్పయితే తప్పని ఆమె నిర్మొహమాటంగా చెప్పగలరు. ఎదురెదురుగా కూర్చుని నేర్చుకోవడంలో ఉన్న మేలు ఇదే. గుంపులో కూర్చున్న విద్యార్థి తనకు అర్థం కానిది దాచుకుంటాడు. ఒంటరిగా కూర్చున్నవాడు దాచుకోలేడు.

ఆ పాఠం ఎలా సాగేదో తెలుసుకోవడానికి సహీహ్ బుఖారీలో ఉన్న ఒక ఉదంతం చాలు. ఉర్వా (రహ్మ) చిన్న వయసులో ఉండగా అల్ బఖరా సూరాలోని 158వ ఆయతు గురించి పిన్నమ్మను అడిగారు. సఫా, మర్వాల మధ్య సయీ చేయడంలో దోషం లేదని ఆ ఆయతులో ఉంది. దోషం లేదన్నారు కాబట్టి చేయకపోయినా ఫరవాలేదేమో అని ఆయన అనుకున్నారు. పదాల వరకే చూస్తే ఆ అనుమానం ఎవరికైనా కలుగుతుంది. ఆమె వెంటనే ఆ తప్పును సరిచేశారు. అర్థం అదే అయితే ఆయతు కూర్పు మరో విధంగా ఉండేదని ముందు భాషను బట్టి చూపించారు. ఆ తర్వాత చరిత్ర వినిపించారు. అజ్ఞానకాలంలో అన్సార్లు ముషల్లల్ వద్ద ఉన్న మనాత్ విగ్రహం పేర ఇహ్రామ్ ధరించేవారు. అలా ధరించినవారు సఫా, మర్వాల మధ్య తిరగడాన్ని పాపంగా భావించేవారు. ఇస్లాం స్వీకరించిన తర్వాత కూడా ఆ సంకోచం వారి మనసుల్లో మిగిలింది. వారు దైవప్రవక్త (స)ను అడిగినప్పుడు ఆ సంకోచాన్ని తొలగించడానికి ఆ ఆయతు అవతరించింది. అంటే దోషం లేదన్న మాట సయీని ఐచ్ఛికం చేయడానికి రాలేదు, మనసులో మిగిలిన పాత భయాన్ని తీసివేయడానికి వచ్చింది.

ప్రియ పాఠకులారా! ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. అన్సార్ల పాత ఆచారం తెలియకపోతే హజ్‌లోని ఒక ముఖ్యమైన ఆచరణ విషయంలోనే ఆ తెలివైన బాలుడు పొరబడి ఉండేవాడు. చరిత్ర తెలుసుకోవడం కాలక్షేపం కాదు. కొన్నిచోట్ల దైవాజ్ఞ అర్థం కావడానికి అదే తాళంచెవి.

సమాజం ఎలా ఉండేదో చెప్పిన పాఠాలు

అన్ నిసా సూరా 3వ ఆయతు గురించి కూడా ఉర్వా (రహ్మ) ఇలాగే అడిగారు. అనాథల విషయంలో న్యాయం చేయలేమన్న భయానికీ, ఇతర స్త్రీలను వివాహమాడడానికీ సంబంధం ఏమిటో ఆయనకు అర్థం కాలేదు. ఆనాటి ఇళ్లలో జరిగే అన్యాయాన్ని ఆమె విప్పి చెప్పారు. తండ్రి లేని ఆడపిల్ల ఒక సంరక్షకుని ఇంట్లో పెరిగేది. ఆమె ఆస్తి, అందం చూసి అతను ఆమెను పెళ్లి చేసుకోవాలనుకునేవాడు. కాని ఇతరులు ఇచ్చేంత మహర్ ఇవ్వడానికి ఇష్టపడేవాడు కాదు. అడిగే దిక్కులేని పిల్ల కనుక అతని ఆటలు సాగేవి. పూర్తి మహర్ ఇచ్చి న్యాయం చేయలేనివారు ఆ పిల్లలను వదిలి ఇతర స్త్రీలను వివాహమాడాలని ఆ ఆయతు అటువంటివారిని ఆదేశించింది.

అజ్ఞానకాలంలో ఎన్ని రకాల వివాహాలు ఉండేవో, మదీనాలో ఔస్, ఖజ్రజ్ తెగల మధ్య జరిగిన బుఆస్ యుద్ధం నాయకులను హతమార్చి ఇస్లాం రాకకు నేలను ఎలా సిద్ధం చేసిందో, మొదటి వహీ ఎలా వచ్చిందో, ఇవన్నీ ఆమె నుంచి ఆయన నోట మనకు అందాయి.

కష్టకాలం గురించి కూడా ఆమె దాచలేదు. రెండు నెలల్లో మూడు నెలవంకలు చూసినా దైవప్రవక్త (స) ఇళ్లలో పొయ్యి వెలగని రోజులున్నాయని ఆమె చెప్పినప్పుడు, మరి ఏం తిని బతికేవారని అక్క కొడుకు అడిగారు. ఖర్జూరాలు, నీళ్లు, అప్పుడప్పుడు పొరుగున ఉన్న అన్సార్లు పంపే పాలు అని ఆమె తెలిపారు. తెలుసుకోవాలన్న తపన గల పిల్లవాడు మాత్రమే అడిగే ప్రశ్న అది.

ఆమెకు కవిత్వం, వంశావళులు, వైద్యం కూడా తెలిసి ఉండడం చూసి ఉర్వా (రహ్మ) ఆశ్చర్యపోయేవారు. వైద్యం ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, దైవప్రవక్త (స) అస్వస్థులుగా ఉన్న రోజుల్లో వచ్చే అరబ్బు ప్రతినిధి బృందాలు చెప్పే చికిత్సలను విని, వాటిని తానే చేసేదాన్నని ఆమె వివరించారు.

వినడమే కాదు, సరిచూసుకోవడం

ఊళ్లోకి ఎవరు వస్తున్నారో, ఎవరి వద్ద ఏ జ్ఞానముందో కూడా ఆమె గమనిస్తూ ఉండేవారు. ఒక ఏడాది హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) హజ్ కోసం వస్తున్నారని తెలిసి, వెళ్లి ఆయన వద్ద నేర్చుకొమ్మని ఉర్వాను పంపించారు. జ్ఞానం ప్రజల నుంచి ఒక్కసారిగా లాగివేయబడదని, పండితుల మరణంతో అది పోతుందని, ఆ పిమ్మట అజ్ఞానులు నాయకులై తామూ దారితప్పి ఇతరులనూ తప్పిస్తారని తెలిపే హదీసును ఆయన వినిపించారు. ఉర్వా (రహ్మ) వచ్చి చెబితే ఆమెకు అది చాలా పెద్ద విషయమనిపించింది. వెంటనే ఒప్పుకోలేదు, తోసిపుచ్చనూ లేదు. మరుసటి ఏడాది ఆయన మళ్లీ వచ్చినప్పుడు, మాటల్లో పెట్టి ఆ హదీసునే మళ్లీ అడగమని పంపారు. ఆయన మొదటిసారి చెప్పినట్లే చెప్పారు. ఏమీ కలపలేదు, ఏమీ తగ్గించలేదు. అప్పుడు ఆమె మనసు కుదుటపడింది.

ఒక్క హదీసును సరిచూసుకోవడానికి ఒక ఏడాది! చేతిలోకి వచ్చిన ప్రతి వార్తనూ మరుక్షణం నలుగురికి పంపే మన అలవాటును దీనితో పోల్చి చూసుకోవాలి. విన్నదాన్నల్లా చెప్పడం అబద్ధానికి చాలునన్న ప్రవక్త బోధను మనం మద్రసాల్లో కంఠస్థం చేశాము. ఆచరణలో పెట్టి చూపింది వీరు.

హజ్రత్ ఆయిషా (రజి) హిజ్రీ 58లో పరమపదించారు. అంతకు కొన్నేళ్ల ముందే, ఆమె వద్ద ఉన్న హదీసులలో తాను నేర్చుకోనిది మిగల్లేదన్న తృప్తి ఉర్వా (రహ్మ)కు కలిగింది. గురువు ఉన్నప్పుడే విలువ తెలుసుకున్న అదృష్టవంతుడు ఆయన.

అన్నను చంపించిన ఖలీఫాకు జవాబు

ఆయనకు అసలు పరీక్ష తర్వాత వచ్చింది. హిజ్రీ 63లో హర్రా సంఘటన జరిగింది. ఆ రోజు తాను రాసుకున్న ఫిఖ్హ్ పుస్తకాలను ఆయన తగలబెట్టారు. తర్వాత జీవితమంతా దానికి చింతించారు. ఇంటినీ సొమ్మునూ మించి ఆ పుస్తకాలు ఉండి ఉంటే బాగుండేదని బాధపడేవారు.

హిజ్రీ 73లో (క్రీ.శ. 692) ఖలీఫా అబ్దుల్ మలిక్ బిన్ మర్వాన్ పంపిన హజ్జాజ్ సైన్యం మక్కాలో అన్నగారు అబ్దుల్లాహ్ (రజి)ను షహీద్ చేసింది. వృద్ధురాలైన తల్లి అస్మా (రజి) కూడా ఆ తర్వాత కొద్దిరోజులకే కన్నుమూశారు. ఒక మనిషి గుండెలో పగ రగలడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అదే ఖలీఫా దైవప్రవక్త (స) కాలంనాటి సంఘటనల గురించి తెలుసుకోవాలని ఉర్వా (రహ్మ)కు లేఖలు రాశాడు. ఆయన జవాబులు రాశారు. అబిసీనియాకు హిజ్రత్ ఎందుకు జరిగింది, బద్ర్‌కు దారితీసిన పరిస్థితులేమిటి, మక్కా విజయం ఎలా జరిగింది అన్నవి వాటిలో ఉన్నాయి. ఆయన కుమారుడు హిషామ్ (రహ్మ) ద్వారా వచ్చిన ఆ జవాబులను హిజ్రీ 310లో మరణించిన ఇమామ్ తబరీ (రహ్మ) తన చరిత్ర గ్రంథంలో భద్రపరిచారు. సీరత్‌పై మనకు చేరిన తొలినాటి రాతల్లో అవి ముఖ్యమైనవి.

ఆయన జవాబివ్వడం మానేసి ఉండవచ్చు. చరిత్రను తన వంశం వైపు వంచి కక్ష తీర్చుకునీ ఉండవచ్చు. ఆ రెండూ చేయలేదు. దైవప్రవక్త (స) జీవితం తన ఇంటి సొత్తు కాదని, అది ఉమ్మత్ అమానత్ అని ఆయనకు తెలుసు. అడిగినవాడు ఎవరైనా అమానత్‌ను ఉన్నదున్నట్లు అప్పగించాలి. నేర్చుకున్నది చరిత్రే అయినా, పిన్నమ్మ గదిలో ఆయనకు అబ్బింది నిజాయితీ. అది ఇలాంటి రోజునే బయటపడుతుంది.

సహనానికి ఆనవాలు

ఖలీఫా వలీద్ కాలంలో డమాస్కస్ ప్రయాణంలో ఆయన కాలికి కుళ్లు పట్టింది. కాలు తీసివేయక తప్పదన్నారు వైద్యులు. మత్తు కలిగించేదేదీ తాగడానికి ఆయన ఒప్పుకోలేదు. మెలకువతోనే కాలు తీయించుకున్నారు. అదే ప్రయాణంలో ఆయన కుమారుడు ముహమ్మద్ పశువుల కాళ్ల కిందపడి చనిపోయాడు. అల్లాహ్ తీసుకున్నది కొంతేనని, మిగిల్చింది ఎంతో ఉందని ఆయన కృతజ్ఞతలు తెలుపుకున్నారు. రోజూ ఖుర్ఆన్‌లో నాలుగో వంతు పారాయణం చేసే ఆయన, కాలు తీసిన ఆ ఒక్క రాత్రి తప్ప ఆ నియమాన్ని విడువలేదని రాశారు.

మదీనాలోని ఏడుగురు ప్రముఖ ఫుఖహాలలో ఆయన ఒకరు. ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) మదీనా గవర్నరుగా వచ్చినప్పుడు సలహాల కోసం పిలిపించుకున్న పదిమందిలోనూ ఆయన ఉన్నారు. అఖీఖ్ లోయలో ఇల్లు, బావి కట్టించుకున్నారు. ఖర్జూరాలు పండే కాలంలో తోట ప్రహరీకి గండి కొట్టించి ప్రజలను లోపలికి రానిచ్చేవారు. జ్ఞానం విషయంలోనూ అంతే. వినడానికి రమ్మని మనుషులను తానే ఆకర్షించేవారు. ఇమామ్ జుహ్రీ (రహ్మ), కుమారుడు హిషామ్ (రహ్మ) ఆయన నుంచి నేర్చుకున్నారు. నేడు చిన్నవారైన మీరే రేపటి పెద్దలని, కనుక నేర్చుకోమని తన పిల్లలకు బోధించేవారు. హిజ్రీ 94లో ఆయన పరమపదించారు. పలువురు గొప్ప పండితులు ఒకే ఏడాది మరణించడం వల్ల దానికి ఫుఖహాల సంవత్సరమని పేరు వచ్చింది.

మన ఇళ్లలో ఆ గది

ఉర్దూ చదివినవారు మౌలానా సయ్యద్ సులైమాన్ నద్వీ (రహ్మ) రాసిన సీరతె ఆయిషాలో ఆ గురుమాత విద్యను గురించి చదివి ఉంటారు. ఇక్కడ మేము అడిగేది ఒక్కటే. మన ఇళ్లలో అటువంటి గది ఉందా? మన పిల్లలు ఖుర్ఆన్ నాజిరా పూర్తి చేస్తున్నారు, దుఆలు అప్పజెబుతున్నారు. చాలా సంతోషం. కాని ఆ ఆయతు ఎందుకు వచ్చిందని, ఊళ్లో జరిగే ఈ గొడవ ఏమిటని, మన పూర్వీకులు ఎలా బతికారని పిల్లవాడు అడిగితే, మనం కూర్చోబెట్టి చెబుతున్నామా, గదమాయించి పంపుతున్నామా? మనం చెప్పకపోతే వాడు ఊరుకోడు. వీధిలోనో, చేతిలోని ఫోన్‌లోనో జవాబు వెతుక్కుంటాడు. అక్కడ దొరికేది ఎవరు చెప్పారో తెలియని మాట.

పెద్ద ఏర్పాట్లేవీ అక్కర్లేదు. మగ్రిబ్, ఇషాల మధ్య ఒక్క బిడ్డను దగ్గర కూర్చోబెట్టుకోండి. చెప్పేది తల్లి కావచ్చు, ఖాలా కావచ్చు, నానీ కావచ్చు. వాడి తప్పు ప్రశ్నను కూడా వినండి. తెలియకపోతే తెలిసినవారి వద్దకు పంపండి. తిరిగి వచ్చాక ఏం విన్నాడో అడగండి. ఆయిషా (రజి) చేసింది ఇదే. ఆమె ఒక్క బాలుని ఓపికగా కూర్చోబెట్టుకుంటే, పద్నాలుగు వందల ఏళ్లుగా ఉమ్మత్ ఆ పాఠం వింటూనే ఉంది.

అల్లాహ్ మనకు, మన సంతానానికి లాభదాయకమైన జ్ఞానాన్ని, దాన్ని ఉన్నదున్నట్లు అందించే నిజాయితీని ప్రసాదించుగాక! ఆమీన్.