తాను చూడని టీవీ.. పాలమూరు పల్లెల్లో వెలిగింది!

మహబూబ్‌నగర్‌లోనో, నల్గొండలోనో డిగ్రీ పూర్తిచేసి, హైదరాబాద్‌లో నలుగురితో కలిసి రూం తీసుకుని నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్నారా? అయితే మీకో ప్రశ్న. పాలమూరు పల్లెల్లో మొదటిసారి టీవీ ఎప్పుడు వెలిగిందో తెలుసా?

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైంది 1977 అక్టోబరు 23న. మరి టీవీ అంతకంటే ముందు రావడం ఎలా సాధ్యమంటారా? వచ్చింది. 1975 ఆగస్టు 1న మొదలైన ఒక ప్రయోగంలో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని కొన్ని ఊళ్ల బడుల్లో, పంచాయతీ ఆఫీసుల దగ్గర టీవీలు పెట్టారు. బొమ్మలు నేరుగా ఆకాశం నుంచే దిగాయి. పంపింది ఒక అమెరికా ఉపగ్రహం. అంత పెద్ద దేశపు ఉపగ్రహాన్ని మన పల్లెల కోసం అరువు అడిగిన మనిషి మాత్రం ఆ రోజు లేరు. అప్పటికి మూడున్నరేళ్ల కిందటే కన్నుమూశారు. ఆయన పేరు విక్రమ్ సారాభాయ్.

పరీక్షల్లో ఆయన గురించి ఒక బిట్ వస్తుంది: భారత అంతరిక్ష కార్యక్రమ పితామహుడెవరు? టిక్కు పెట్టేసి ముందుకెళ్తాం. ఆ బిట్ వెనక ఉన్న జీవితం ఉద్యోగం వెతుక్కునే వయసులో ఉన్నవాళ్లు తప్పకుండా చదవాల్సింది.

ముందే ఒక నిజం

విక్రమ్ 1919 ఆగస్టు 12న అహ్మదాబాద్‌లో పుట్టారు. తండ్రి అంబాలాల్ పెద్ద బట్టల మిల్లుల యజమాని. పిల్లల కోసం ఇంట్లోనే బడి నడిపించిన కుటుంబం. చదువు కేంబ్రిడ్జ్‌లో. ఇక్కడే మీకు అనుమానం వస్తుంది: వాళ్లకు మిల్లులున్నాయి, మనకేమున్నాయి? నిజమే, ఆ ఆస్తి మనకు రాదు. ఆ మాట దాచి ఆయన్ని ఆదర్శంగా చూపిస్తే అది మోసమే అవుతుంది. కానీ మిల్లులు చూసుకుంటూ హాయిగా బతికే వీలున్న మనిషి పని ఎట్లా చేశారన్నది గమనించండి. ఆ పద్ధతికి ఆస్తి అక్కర్లేదు.

రెండో ప్రపంచ యుద్ధం రావడంతో ఆయన ఇంగ్లండ్ నుంచి తిరిగొచ్చారు. పరిస్థితులు చక్కబడేదాకా చూద్దామని కూర్చోలేదు. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సి.వి. రామన్ దగ్గర చేరి కాస్మిక్ కిరణాలపై పరిశోధన మొదలుపెట్టారు. యుద్ధం ముగిశాక మళ్లీ కేంబ్రిడ్జ్ వెళ్లి 1947లో పీహెచ్‌డీ అందుకున్నారు. అనుకున్న దారి మూసుకుపోయిన ఆ కొన్నేళ్లు ఖాళీగా పోలేదు. తర్వాతి జీవితానికి పునాది అప్పుడే పడింది.

కుర్చీ కాదు, పని

1947 నవంబరులో, 28 ఏళ్ల వయసులో, అహ్మదాబాద్‌లో ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ స్థాపించారు. సొంత భవనం లేదు. ఒక సైన్స్ కాలేజీలో కొన్ని గదులు తీసుకుని మొదలుపెట్టారు. స్థాపించింది తానే అయినా మొదట్లో డైరెక్టర్ కుర్చీలో కూర్చోలేదు. అనుభవజ్ఞుడైన వాతావరణ శాస్త్రవేత్త కె.ఆర్. రామనాథన్‌ను ఆ బాధ్యతకు పిలిచారు. తనకంటే ఎక్కువ తెలిసినవాళ్లను పైన పెట్టి పనిచేయడం ఆయనకు చిన్నతనంగా అనిపించలేదు.

అదే కాలంలో బట్టల మిల్లుల కోసం అటీరా అనే పరిశోధన సంస్థను నిలబెట్టారు. 1961లో ఐఐఎం అహ్మదాబాద్ ఏర్పాటులో ముఖ్యపాత్ర పోషించారు. భౌతిక శాస్త్రవేత్తకు మేనేజ్‌మెంట్ చదువుతో పనేంటని ఆగిపోలేదు. అవసరం ఎక్కడ కనబడితే అక్కడ మనుషుల్ని కూడగట్టారు.

1962లో అంతరిక్ష పరిశోధనకు జాతీయ కమిటీ ఏర్పడి, ఆ బాధ్యత ఆయనకొచ్చింది. మరుసటి ఏడాది నవంబరు 21న కేరళలోని తుంబా అనే మత్స్యకారుల ఊరి నుంచి మొదటి రాకెట్ ఎగిరింది. అక్కడి చర్చి భవనమే ఆఫీసు. ఆ రాకెట్ మనది కాదు, అమెరికా ఇచ్చిన నైకీ-అపాచీ. అరువు తెచ్చుకున్నదే! అయితే అరువు వస్తువుతో సొంత మనుషులకు పని నేర్పించడం ఆయన ఎంచుకున్న దారి. అక్కడ పని నేర్చుకున్న కుర్రాళ్లలో అబ్దుల్ కలాం ఒకరు.

టీవీ లేని దేశంలో టీవీ కల

1969 సెప్టెంబరులో సారాభాయ్ అమెరికా అంతరిక్ష సంస్థ నాసాతో ఒక ఒప్పందం చేసుకున్నారు. నాసా పంపబోయే ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు మన పల్లెల కోసం వాడుకోవాలన్నది దాని సారాంశం. అప్పటికి దేశం మొత్తం మీద టీవీ కేంద్రం ఉన్నది ఢిల్లీలో ఒక్కచోటే. బొంబాయికి కూడా 1972లో గానీ రాలేదు. కరెంటే సరిగా లేని ఊళ్లకు ఉపగ్రహ టీవీనా అని ఎవరైనా నవ్వితే తప్పుపట్టలేం.

ఆయన లెక్క వేరు. టవర్లు కట్టుకుంటూ పోతే టీవీ ముందు నగరాలకు, తర్వాత పట్టణాలకు వెళ్తుంది. మారుమూల పల్లె వంతు ఎప్పటికో వస్తుంది. పైనుంచి పంపితే నగరానికీ, పల్లెకూ ఒకేసారి అందుతుంది. అందులోనూ అవసరం ఎక్కువున్న పల్లెకే ముందు ఇవ్వొచ్చు.

ఆ రోజుల్లో అమెరికా టీవీ అంటే మూడు పెద్ద నెట్‌వర్కులు. ప్రకటనల డబ్బుతో నడిచే హాస్య సీరియళ్లు, పాటల స్పెషల్ షోలు. అదే అమెరికాలో అలాస్కా, అపలాచియా కొండ ప్రాంతాల వంటి వెనకబడిన చోట్ల చదువుకు, వైద్యానికి ఏటీఎస్-6నే మొదట వాడారు. అమెరికా టీవీకి ఉన్న ఈ రెండు ముఖాల్లో మన పల్లెలకు ఏది కావాలో సారాభాయ్ ముందే తేల్చుకున్నారు. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, పిల్లల చదువు. ఒప్పందానికి ముందే చిన్న పరీక్ష కూడా జరిగింది. 1967 జనవరి 26న ఢిల్లీ చుట్టుపక్కల 80 గ్రామాల్లో రైతుల కోసం కృషి దర్శన్ మొదలైంది. పెద్ద అడుగుకు ముందు చిన్న అడుగు వేసి చూసుకోవడమన్నమాట.

ఆయన లేని ఆగస్టు

1971 డిసెంబరు 30న, తిరువనంతపురం దగ్గర కోవళంలో, 52 ఏళ్లకే సారాభాయ్ నిద్రలోనే వెళ్లిపోయారు. అప్పటికి ఉపగ్రహం ఎగరనేలేదు. ఒక్క మనిషి మీద ఆధారపడిన పని అయితే అక్కడితో ఆగిపోవాలి. ఆగలేదు.

1974 మేలో అమెరికా ఏటీఎస్-6ను ప్రయోగించింది. ఏడాది తర్వాత దాన్ని ఆఫ్రికా మీదికి జరిపారు. అక్కడి నుంచి మన దేశం దానికి కనబడుతుంది. ఆరు రాష్ట్రాల్లో 2400 గ్రామాలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హైదరాబాద్, మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల ఊళ్లు. ఉపగ్రహానికే దాదాపు 9 మీటర్ల గొడుగులాంటి యాంటెన్నా ఉండటంతో, ఊళ్లో మూడు మీటర్ల యాంటెన్నా సరిపోయింది. దాన్ని కోళ్ల ఫారాలకు కట్టే లాంటి ఇనుప జాలీతోనే చేశారు. సెట్లు తయారైంది హైదరాబాద్ ఈసీఐఎల్‌లో. కరెంటు లేని కొన్ని ఊళ్లలో బ్యాటరీలు పెట్టారు. తెలుగు కార్యక్రమాలు తయారుచేసే కేంద్రం కూడా హైదరాబాద్‌లోనే. ఒకే బొమ్మకు ఒకేసారి రెండు భాషల మాట పంపే వీలుంది. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు, రోజుకు దాదాపు నాలుగు గంటలు. చూసినవాళ్లలో చాలామందికి అదే మొదటి టీవీ.

అన్నీ అనుకున్నట్టే జరగలేదు. కొత్త మోజు తగ్గాక మొదట్లో వచ్చినంత జనం రాలేదు. 1976 జులై 31తో గడువు ముగిసింది, అమెరికా తన ఉపగ్రహాన్ని వెనక్కి తీసుకెళ్లింది. అరువు వస్తువు కదా! మిగిలింది మాత్రం పని నేర్చిన మనుషులు. సెట్లు బాగుచేసే టెక్నీషియన్లు, స్క్రిప్టు రాసేవాళ్లు, కెమెరా పట్టేవాళ్లు, ఊళ్లలోనే ఉండి జనం ఏం నేర్చుకున్నారో రాసుకున్న సోషల్ సైన్స్ పట్టభద్రులు. ఆ అనుభవమే తర్వాత ఇన్‌శాట్‌కు దారి చూపింది. 1983లో వెళ్లిన ఇన్‌శాట్-1బి దేశం నలుమూలలకూ టీవీని చేర్చింది.

మీకేంటి?

ఇంజినీరింగ్ వాళ్లకే అంతరిక్షం అనుకుంటాం. ఆ ప్రయోగానికి తెలుగు బాగా రాసేవాళ్లు కావాల్సొచ్చింది, పల్లెను అర్థం చేసుకున్న ఆర్ట్స్ విద్యార్థి కావాల్సొచ్చింది. మీ డిగ్రీ పేరు చూసుకుని దారి లేదనుకునే ముందు ఈ మాట గుర్తు చేసుకోండి.

నోటిఫికేషన్ రావచ్చు, ఆలస్యం కావచ్చు, కోర్టు కేసులో పడొచ్చు. అది మీ చేతిలో లేదు. ఈలోపు నేర్చుకునే పని మీ చేతిలో ఉంది. యుద్ధం ఆపిన చదువును సారాభాయ్ బెంగళూరులో కొనసాగించినట్టు.

ఈ రాత్రి రూంలో టీ-శాట్ నిపుణలో పోటీ పరీక్షల పాఠం పెట్టుకుంటారు కదా. ఉపగ్రహం నుంచి మారుమూలకు చదువు పంపాలన్న ఆలోచన ఈ గడ్డ మీద మొదటిసారి పరీక్షకు నిలిచింది పాలమూరు ఊళ్లలోని ఆ జాలీ యాంటెన్నాల కిందే. ఆ ఊళ్లలో ఒకటి మీదే కావచ్చు. ఇంటికెళ్లినప్పుడు తాతనో, అమ్మమ్మనో అడిగి చూడండి.

బిట్స్ కోసం..
విక్రమ్ సారాభాయ్: 1919 ఆగస్టు 12 – 1971 డిసెంబరు 30
తుంబా నుంచి తొలి రాకెట్: 1963 నవంబరు 21
ఇస్రో ఏర్పాటు: 1969 ఆగస్టు 15
సైట్ (శాటిలైట్ ఇన్‌స్ట్రక్షనల్ టెలివిజన్ ఎక్స్‌పెరిమెంట్): 1975 ఆగస్టు 1 – 1976 జులై 31
పురస్కారాలు: పద్మభూషణ్ (1966), పద్మవిభూషణ్ (1972, మరణానంతరం)