సత్యేంద్రనాథ బోసు

పాఠము చెప్పుచు తనకే పొసగని చోట ఆగిపోవుట ఉపాధ్యాయులకు క్రొత్త కాదు. ఆ చిక్కు విద్యార్థుల కంటబడకుండ దాటిపోవువారే పెక్కుమంది. ఢాకా విశ్వవిద్యాలయమున రీడరుగా నుండిన సత్యేంద్రనాథ బోసు అచ్చటనే నిలిచిపోయెను.

ఈయన 1894 జనవరి 1న కలకత్తాలో జన్మించెను. తండ్రి రైల్వే ఉద్యోగి. ప్రెసిడెన్సీ కళాశాలలో జగదీశచంద్ర బోసు, ప్రఫుల్లచంద్ర రాయి గురువులు. మేఘనాథ సాహా సహాధ్యాయి. 1915లో ఎం.ఎస్‌సి. పరీక్షలో ప్రథముడై, కొంతకాలము కలకత్తాలో బోధించి, 1921లో ఢాకా చేరెను.

అచ్చట ప్లాంకు వికిరణ సూత్రమును బోధించునపుడు దాని ఉపపత్తి ఆయనకు తృప్తి నీయలేదు. పాత తరంగ సిద్ధాంతమును, క్రొత్త క్వాంటం భావనను కలిపి కుట్టిన బొంతవలె నుండెను. అందుచే బోసు కాంతిని కేవలము కణములుగనే యెంచి, వానిని క్రొత్త తీరున లెక్కించెను. ఆ తీరు నాణెములతో తెలియగలదు. రెండు నాణెముల నెగురవేసినచో ఫలితములు నాలుగు: రెండును బొమ్మలు, రెండును బొరుసులు, మొదటిది బొమ్మ రెండవది బొరుసు, మొదటిది బొరుసు రెండవది బొమ్మ. మొదటిదేదో రెండవదేదో గుర్తింపనే వీలులేని వస్తువులైనచో కడపటి రెండును ఒక్కటే యగును, ఫలితములు మూడే. రెండును ఒకే విధముగ పడుటకు అవకాశము నాలుగింట రెండు పాళ్ళు గాక మూడింట రెండు పాళ్ళగును. అనగా ఇట్టి కణములు ఒకే స్థితిలో గుమిగూడుటకు మొగ్గుచుండును. చూచుటకు పిల్లల లెక్కయే. ప్లాంకు సూత్రము దానినుండి చక్కగా వెలువడినది.

ఇంగ్లండులో ఆ వ్యాసము ప్రచురణకు నోచుకొనలేదు. ముప్పదియేండ్ల బోసు 1924 జూన్ 4న దానిని తిన్నగా ఐన్‌స్టీనునకే పంపెను. ఆయన స్వయముగా జర్మను భాషలోనికి అనువదించి ప్రకటింపజేసెను. అంతటితో నిలువక ఆ లెక్కను పరమాణువులకు అన్వయించి, మిక్కిలి చల్లార్చిన వాయువులో పరమాణువులు కనిష్ఠ శక్తిస్థితిలో కూడునని 1925లో నిరూపించెను. ద్రవ్యమునకును తరంగ స్వభావము కలదని డిబ్రోయీ అప్పుడే ప్రతిపాదించియుండెను. చలి పెరిగినకొలది పరమాణు తరంగము నిడుపగును; ఇరుగుపొరుగు తరంగములు పెనవైచుకొని తుద కొక్క తరంగముగ నడచును.

బోసు పారిస్, బెర్లిను నగరములలో పనిచేసి 1926లో మరలివచ్చి, డాక్టరేటు లేకయే ఐన్‌స్టీను సిఫారసుతో ఢాకాలో ఆచార్యుడయ్యెను. 1945లో కలకత్తా చేరెను. విజ్ఞానశాస్త్రమును మాతృభాషలోనే బోధింపవలెనని 1948లో బంగీయ విజ్ఞాన పరిషత్తును స్థాపించెను. మన ఉపాధ్యాయులు ఆయన లెక్కతోపాటు దీనిని గూడ తలపవలసియున్నది. ఎస్రాజు వాయించుట ఆయనకు ప్రీతి. 1974 ఫిబ్రవరి 4న దివంగతుడయ్యెను.

ఇరువదియొక యేండ్ల పిదప, 1995 జూన్ 5న, అమెరికాలోని బౌల్డరులో కార్నెల్, వీమన్ అనువారు సుమారు రెండువేల రుబీడియం పరమాణువులను అయస్కాంతపు ఉచ్చులో బంధించి, పరమశూన్యముపై డిగ్రీలో కోటివంతులు రెండింటికి లోబడునట్లు చల్లార్చిరి. ఐన్‌స్టీను చెప్పిన స్థితి సిద్ధించెను. 1997లో కెటర్లే బృందము ఇట్టి సోడియం మేఘములు రెంటిని ఉచ్చునుండి విడిచి కలియనిచ్చెను. గిద్దలూరు ప్రాంతమువా రెరిగిన కంభం చెరువులో రెండు రాళ్ళు వేసినచో అలలు కలిసినచోట ఎత్తుపల్లము లేర్పడును గదా! ఆ పరమాణువులలోను అట్టి చారలే ఛాయాచిత్రమున కనబడెను. ఆ ముగ్గురకును 2001లో నోబెలు బహుమానము లభించెను. బోసునకు అది లభింపనే లేదు.