కెమెరాతో వచ్చి మార్లవాయిలో నిలిచిపోయిన మనిషి: హైమన్‌డార్ఫ్



ఈమధ్య మన హాస్టళ్లలో వార్షికోత్సవమంటే ఆటలు, పాటలు, వ్యాసరచనతో పాటు ఫోటోల ప్రదర్శన కూడా ఒక భాగమైంది. ఒక అంశం ఇస్తారు. నీళ్లు, పని, మా ఊరు, పండుగ, అమ్మ చేతులు. ఆ అంశం మీద నాలుగైదు ఫోటోలు తీసి, కావలసినంత కత్తిరించి, వెలుగునీడలు సరిచేసి, వరుసగా గోడకు పెట్టాలి. ఈ పని చేసేటప్పుడు మాకు పదే పదే ఎదురైన ప్రశ్న ఒకటుంది. ఫోటోలో ఏది ఉండాలి, ఏది అక్కరలేదు అని ఎవరు నిర్ణయించాలి? ఈ ప్రశ్నకు జవాబు వెదుకుతూ పోతే మన ఆదిలాబాద్ అడవుల్లోనే ఒక జీవితం దొరికింది. ఆయన పేరు క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. ఉట్నూరు, జైనూర్, ఆసిఫాబాద్ ప్రాంతాల నుంచి వచ్చిన మిత్రులకు ఈ పేరు కొత్త కాదు. గోదావరికి ఇవతల, కరీంనగర్ వైపు వాళ్లలో చాలామందికి మాత్రం ఆయన కథ తెలియదు. అందుకే ఈ వ్యాసం.

హైమన్‌డార్ఫ్ 1909లో ఆస్ట్రియా దేశపు రాజధాని వియన్నాలో ఒక ఉన్నత కుటుంబంలో పుట్టారు. వియన్నా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం చదివి 1931లో డాక్టరేట్ పొందారు. విచిత్రమేమంటే ఆ సిద్ధాంత గ్రంథం అస్సాం కొండజాతుల గురించి. అప్పటికి ఆయన భారతదేశం చూడనే లేదు! పుస్తకాలు చదివి రాశారు. తరువాత లండన్ వెళ్లి మాలినోవ్‌స్కీ అనే పేరుపొందిన పండితుని తరగతుల్లో కూర్చున్నారు. ఒక జాతి గురించి రాయాలంటే దూరం నుంచి చదివితే చాలదు, వాళ్ల మధ్య ఉండి, వాళ్ల భాష నేర్చి, వాళ్లు తిన్నది తిని తెలుసుకోవాలి అన్నది ఆ పండితుడు చూపిన బాట. ఆ బాట పట్టి 1936లో హైమన్‌డార్ఫ్ నాగా కొండలకు వచ్చారు. కోన్యాక్ నాగాల మధ్య ఏడాదికి పైగా గడిపారు. నోట్‌బుక్‌తో పాటు కెమెరా కూడా ఆయన వెంటే ఉంది.

1938లో ఆయన బెట్టీ అని అందరూ పిలిచే ఎలిజబెత్ బర్నార్డోను పెళ్లి చేసుకున్నారు. మరుసటి ఏడాది దంపతులిద్దరూ మళ్లీ భారతదేశానికి వచ్చారు. అంతలో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. 1938లోనే ఆస్ట్రియాను హిట్లర్ జర్మనీలో కలిపేసుకున్నాడు కాబట్టి హైమన్‌డార్ఫ్ చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ వాళ్ల లెక్కలో ఆయన శత్రుదేశపు పౌరుడు. అందువల్ల ఆయన హైదరాబాద్ సంస్థానం దాటి పోకూడదన్నారు. వేరొకరైతే ఆ నిర్బంధాన్ని తిట్టుకుంటూ కూర్చునేవారేమో. ఆయన మాత్రం సంస్థానంలోని ఆదివాసుల దగ్గరకు బయలుదేరారు. మొదట నల్లమలలో చెంచులు, తరువాత గోదావరి ఒడ్డు కొండల్లో కొండరెడ్లు, ఆ తరువాత మన ఆదిలాబాద్ గోండులు.

గోండుల దగ్గరకు ఆయన రావడానికి వెనుక ఒక రక్తపు చరిత్ర ఉంది. 1920ల చివరికి కాజీపేట నుంచి బల్లార్షా దాకా రైలు మార్గం పడింది. అంతకుముందు గోండులు దున్నుకున్న నేలలకు అకస్మాత్తుగా ధర వచ్చింది. వ్యాపారులు, వడ్డీదారులు, భూమి కోసం వెదుక్కునే రైతులు నాలుగు దిక్కుల నుంచీ వచ్చారు. గోదావరి దాటి కరీంనగర్ వైపు నుంచి వచ్చినవారూ వారిలో ఉన్నారు. కాగితం లేని గోండు రైతు తన పొలంలోనే పాలేరు అయ్యాడు. మరోవైపు రిజర్వు అడవి పేరుతో హద్దులు గీసి పోడును, పశువుల మేతను, చివరకు ఊళ్లను కూడా అడ్డుకున్నారు. ఈ అన్యాయం మీదనే కొమరం భీం తిరగబడ్డాడు. 1940లో జోడేఘాట్ దగ్గర నిజాం పోలీసుల తూటాలకు ఆయన, ఆయన సహచరులు నేలకొరిగారు. నేటికీ ఆశ్వయుజ పౌర్ణమి నాడు వేలాది మంది జోడేఘాట్‌కు వెళ్లి నివాళులర్పిస్తారు. ఆ తిరుగుబాటు తరువాతే నిజాం ప్రభుత్వానికి ఆదివాసుల బాధ ఏమిటో తెలుసుకోవాలన్న తలంపు కలిగింది. ఆ పని హైమన్‌డార్ఫ్ చేతికి వచ్చింది. ఈ వరుస మనం మరువరాదు. ముందు భీం పోరాడాడు, తరువాతే ప్రభుత్వం వినడానికి సిద్ధపడింది.

హైమన్‌డార్ఫ్ దంపతులు మార్లవాయి అనే గోండు గూడెంలో నివాసం పెట్టుకున్నారు. ఆ ఊరు నేడు కొమరం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలో ఉంది. ఆయన గోండి నేర్చుకున్నారు. పెర్సాపేన్ పూజలు చూశారు. దీపావళి రోజుల్లో దండారి బృందాలు ఊరూరా తిరుగుతుంటే, నెమలి ఈకల టోపీలతో గుస్సాడీలు ఆడుతుంటే వాటినీ చూశారు. పర్ధాన్‌లు కీక్రి వాయిస్తూ పాడే వంశగాథలను రాసుకున్నారు. పెళ్లి, చావు, విత్తు, కోత దేన్నీ వదలలేదు. అన్నిటికీ ఫోటోలు తీశారు.

ఇక్కడ మాలాంటి వాళ్లు కొంచెం ఆగి ఆలోచించాలి. నేడు ఫోన్‌లో వంద ఫోటోలు తీసి తొంభై తొమ్మిది తుడిచేయవచ్చు. ఆనాడు రీలు కెమెరా. పెద్ద రీలుకు ముప్పై ఆరు ఫోటోలు వస్తే గొప్ప. తీసిన ఫోటో ఎలా వచ్చిందో కడిగితే గాని తెలియదు. అడవిలో ఎండ, వాన, తేమ అన్నీ రీలుకు శత్రువులే. కాబట్టి నొక్కే ముందే ఆలోచించాలి. ఎడిటింగ్ సగం కెమెరా నొక్కకముందే మనసులో జరిగిపోవాలి. ఎక్కడ నిలబడాలి, వెలుగు ఎటు నుంచి వస్తోంది, ఈ మనిషి నన్ను చూసి బిగుసుకుపోతున్నాడా లేక తన పనిలో తానున్నాడా, ఇవన్నీ ముందే తేల్చుకోవాలి. రోజుల తరబడి పక్కనే ఉన్నవాడికే ఎదుటివారు కెమెరాను మరచిపోతారు. అది ఏ యంత్రంతోనూ, ఏ ఫిల్టర్‌తోనూ వచ్చేది కాదు.

అయితే ఆయన ఫోటోలు తీసి ఊరుకుని ఉంటే మనం ఇవాళ ఆయన గురించి ఇంత చెప్పుకునేవాళ్లం కాదు. దండారి ఫోటో ఎంత అందంగా ఉన్నా అందులో ఒకటి కనిపించదు. ఆడుతున్న మనిషి కాళ్ల కింది నేల ఎవరి పేరు మీద ఉందో ఏ ఫోటో చెప్పదు. ఫోటోలో పట్టని ఆ సంగతిని ఆయన కాగితం మీద పెట్టారు. ఎవరి భూమి ఎలా చేతులు మారిందో, అప్పు ఎలా పెరిగిందో, అడవి అధికారులు ఎలా వేధించారో వివరంగా ప్రభుత్వానికి నివేదికలు రాశారు. అవి 1945లో పుస్తకంగా అచ్చయ్యాయి. ఆయన నిజాం ప్రభుత్వానికి ఆదివాసుల, వెనుకబడిన తరగతుల సలహాదారు అయ్యారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పాఠం కూడా చెప్పారు. ఆ కాలంలోనే వేలాది గోండు కుటుంబాలకు పట్టాలు అందాయి. ఆదివాసీ ప్రాంతాల రక్షణకు సంస్థానంలో ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. కెస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు ఆదివాసుల మొర వినే దర్బార్ కూడా 1940లలో ఆయన చొరవతోనే మొదలైంది. పుష్య అమావాస్యకు మెస్రం వంశీయులు జరిపే ఆ జాతరలో దర్బార్ ఆనవాయితీ తరువాత కూడా కొనసాగింది.

హాస్టల్ పిల్లలమైన మనకు ఆయన చేసిన మరో పని ఇంకా దగ్గరిది. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం తెరిచారు. పిల్లలకు వాళ్ల ఇంటి భాషలోనే మొదటి అక్షరం చెప్పాలని గోండి వాచకాలు తయారు చేయించారు. ఈ పనిలో గోండి వ్యాకరణం రాసిన అధికారి సేతుమాధవరావు పగడి తోడుగా నిలిచారు. అంతకుముందు కాగితం అంటేనే భయపడే గూడేల్లో గోండు పంతుళ్లు గోండు పిల్లలకు పాఠం చెప్పడం మొదలైంది. పట్టా కాగితం చదవగలిగినవాడిని మోసం చేయడం కష్టం. బడికి, భూమికి ఉన్న ఈ సంబంధాన్ని ఆయన గుర్తించారు. మనం నేడు హాస్టల్‌లో ఉండి చదువుకోవడానికి వెనుక ఇలాంటి ఎన్నో ప్రయత్నాలు ఉన్నాయి.

1948లో ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద ఆయన పెద్ద పుస్తకం వచ్చింది. ఆ తరువాత ఆయన లండన్ విశ్వవిద్యాలయంలోని సోయాస్ అనే ప్రసిద్ధ సంస్థలో ఆచార్యులయ్యారు. 1953 నుంచి నేపాల్‌లో షెర్పాల మధ్య పనిచేశారు. ఫోటోలతో పాటు 16 ఎం.ఎం. సినిమా రీళ్లు కూడా తీశారు. బెట్టీ చాలా ప్రయాణాల్లో ఆయన వెంట ఉన్నారు. దక్షిణాసియా మానవశాస్త్ర గ్రంథాల పట్టికను ఆమె సొంతంగా తయారు చేశారు. ఆయన పేరు చెప్పుకునేటప్పుడు ఆమె పేరు కూడా చెప్పుకోవడం న్యాయం.

1976లో ఉద్యోగ విరమణ చేశాక ఆయన విశ్రాంతి తీసుకోలేదు. మళ్లీ ఆదిలాబాద్ వచ్చారు. ముప్పై ఏళ్ల కింద తాను తిరిగిన ఊళ్లనే తిరిగి చూశారు. ఫోటోలు తీసే మాకు ఇందులో గొప్ప పాఠం కనిపించింది. ఒకే చోటును ఒక తరం తరువాత మళ్లీ చూడడం అన్నిటికన్నా బలమైన అంశం. ఆయనకు ఏం కనిపించింది? అడవి పలచబడింది. తాను పట్టాలు ఇప్పించిన భూములు ఎన్నో మళ్లీ చేతులు మారాయి. ఆదివాసుల భూమి ఇతరులకు పోరాదన్న 1959 నాటి నిబంధన 1963లో తెలంగాణకు వచ్చింది. దాన్ని మరింత గట్టిపరచిన 1970 నాటి సవరణనే మనం 1/70 చట్టం అంటాం. ఇన్ని ఉన్నా భూమి జారిపోతూనే ఉంది. ఇంకోవైపు చదువుకున్న గోండు యువకులు, ఉపాధ్యాయులు కూడా ఆయనకు కనిపించారు. మంచినీ చెడునూ రెండింటినీ 1982లో వచ్చిన పుస్తకంలో రాశారు. తన కృషి అంతా ఫలించిందని చెప్పుకోవడానికి ఆయన చెడును కత్తిరించేయలేదు. ఎడిటింగ్‌లో నిజాయితీ అంటే ఇదేనని మేము అనుకుంటున్నాం.

1987 జనవరి 11న బెట్టీ హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆమెను మార్లవాయిలో సమాధి చేశారు. 1995 జూన్ 11న హైమన్‌డార్ఫ్ లండన్‌లో మరణించారు. తరువాత ఆయన అస్థికలను కూడా తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. ఏటా జనవరి 11న ఆ సమాధుల దగ్గర ఆదివాసులు వారి సంప్రదాయం ప్రకారం నివాళులర్పిస్తారు. ఎక్కడి వియన్నా, ఎక్కడి మార్లవాయి!

ఆయనను దేవుణ్ణి చేయనక్కరలేదు. ఆయన పనిచేసింది నిజాం ప్రభుత్వం నీడలో. కెమెరా కూడా బయటివాడి చేతిలోనే ఉంది. ఆయన తీసిన వేలాది ఫోటోలు నేడు భద్రంగా ఉన్నది లండన్‌లోని సోయాస్‌లో. తన తాత ముఖం చూడాలంటే ఒక గోండు మనవడు సముద్రాల అవతల ఉన్న సంస్థ వైపు చూడాలి. ఇది ఆలోచించవలసిన విషయమే. కాని ఆనాడు ఆ ఫోటోలు తీయకపోయి ఉంటే ఆ ముఖాలు ఎక్కడా ఉండేవి కావన్నది కూడా నిజం. మన తాతలు, అవ్వలు ఎంతోమంది ఒక్క ఫోటో అయినా లేకుండానే వెళ్లిపోయారు కదా.

మిత్రులారా! ఇప్పుడు కెమెరా మన చేతికి వచ్చింది. బయటివాడు ఏళ్ల తరబడి ఉండి నేర్చుకున్న భాష మనకు పుట్టుకతో వచ్చింది. ఆయన అడుగు పెట్టలేని గడప లోపలికి మనం రోజూ నడుస్తున్నాం. కాబట్టి మన బాధ్యత కూడా పెద్దదే. వచ్చే సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఒక్క అంశం ఎంచుకుందాం. బీడీలు చుట్టే చేతులు కావచ్చు, గని డ్యూటీ దిగి వచ్చే నాన్న కావచ్చు, ఎండిన చెరువు కావచ్చు, దండారి కావచ్చు. అడిగి తీద్దాం. ఫోటో కింద ఆ మనిషి పేరు, ఊరు, తేదీ రాద్దాం. కత్తిరించే ముందు, ఆ అంచున ఉన్నదాన్ని ఎందుకు తీసేస్తున్నామో ఒకసారి మనల్ని మనం అడుగుదాం. ఒక ప్రతి హాస్టల్ గోడకు పెడితే, ఇంకో ప్రతి తప్పకుండా ఆ ఇంటికి ఇద్దాం. పదేళ్ల తరువాత, ఉద్యోగాల్లో ఉన్నా సరే, అదే చోటికి వెళ్లి మళ్లీ ఒక ఫోటో తీద్దాం.

అప్పటికి ఈ పత్రిక ఇంకా వస్తూ ఉంటే, ఆ రెండు ఫోటోలను పక్కపక్కన అచ్చువేయమని మా తరువాతి తమ్ముళ్లను, చెల్లెళ్లను కోరుతున్నాం.