గాంధీమహాత్ముని కాలినడక

గుజరాతులోని పోరుబందరున 1869 వ సంవత్సరము అక్టోబరు 2 వ తేదీన జన్మించిన మోహనదాసు బాల్యమున మిక్కిలి బిడియస్థుడు. ఆటలనిన వానికి గిట్టవు. రాజకోటలో చదువుచుండగా ప్రధానోపాధ్యాయులు దొరాబ్జీ ఎదుల్జీ గిమీగారు పైతరగతుల బాలురకు కసరత్తును, క్రికెట్టును నిర్బంధము చేసిరి. బడి విడిచినతోడనే యింటికేగి, జబ్బుపడిన తండ్రికి పరిచర్య చేయవలెనని మోహనదాసు కోరిక. తుదకు తండ్రియే లేఖ వ్రాసి కసరత్తునుండి విడిపించెను. ఇది చదివి మన డ్రిల్లు మాష్టరుగారికి లేఖలు తెచ్చుటకు బాలురు త్వరపడవలదు. వ్యాయామమునకు చదువుతో సంబంధము లేదనుకొనుట పొరపాటని పిమ్మట గాంధిగారే ఒప్పుకొనిరి. అయినను ఆరుబయట నడచుటవలని మేలును గూర్చి ఆ దినములలో పుస్తకములందు చదివి, ఆ యలవాటు మాత్రము చేసికొనిరి.

1888 వ సంవత్సరము సెప్టెంబరు 4 న బారిష్టరు చదువునకై ఆయన బొంబాయిలో ఓడ యెక్కిరి. లండనులో మొదట కొన్ని నెలలు దొరల వేషముపై మోజు కలిగెను. నాట్యము నేర్చుకొనుటకు మూడు పౌనులు, ఫిడేలుకు మూడు పౌనులు, ఖరీదైన దుస్తులకు మరికొంత. ఈ సొమ్ము స్వదేశమునుండి అన్నగారు పంపుచుండిరి. బండికూలి, తపాలాబిళ్ల, వార్తాపత్రిక మొదలు ప్రతి పెన్నీని వ్రాసి, రాత్రి పరుండుటకు ముందు లెక్క సరిచూచుకొను అలవాటు గాంధిగారి కుండెను. ఆ లెక్కయే ఆయన కన్నులు తెరపించినది. ఒక కుటుంబముతో కలసియుండుట మాని, పనియున్న చోటికి అరగంటలో నడచిపోగల తావున వేరుగా గదులు తీసికొనిరి. అంతకుమునుపు ఎక్కడికేగినను బండికూలి చెల్లించి, నడకకై వేరే కాలము వెదకుకొనవలసి యుండెను. ఇపుడు ప్రయాణమే వ్యాయామ మాయెను; కూలియు మిగిలెను. దినమునకు ఎనిమిది పది మైళ్లు నడచుచుండిరి. ఆ మూడేండ్లలో జబ్బు పడుట యన్నది లేదనియే చెప్పవచ్చును, శరీరము గట్టిపడినది.

పిదప ఒక్క గదితోనే సరిపెట్టుకొని, పొయ్యి కొనుక్కొని, ఉదయము ఓట్లజావయు కోకోయు తామే కాచుకొనిరి. దీనికి ఇరువది నిమిషములు చాలును. దినమునకు ఒక షిల్లింగు మూడు పెన్నీలతో జీవనము సాగెను. రెండుమైళ్ల దూరమునకు బస్సు డబ్బులడుగు కుమారుడు గల తండ్రులు ఈ లెక్కను ఒకపరి చూడవలెను.

1891 లో బారిష్టరై తిరిగివచ్చి బొంబాయిలో వృత్తి ఆరంభించిరి. కేసులు రాలేదు. వచ్చిన మొదటి కేసులో నోరు పెగలక కూర్చుండిపోయిరి. అన్నగారి యప్పు పెరుగుచున్నది. ఇట్టి దినములలో గిర్గాంనుండి హైకోర్టునకు ముప్పావుగంట నడచి, మరల నడచియే యింటికి వచ్చుచుండిరి. ఎండకు దేహము అలవాటుపడినది. బొంబాయిలో స్నేహితులు తరచుగా జబ్బుపడుచుండినను ఆయనకు అట్టిది కలుగలేదు. చేతికి సంపాదన వచ్చిన తరువాతను ఈ నడక మానలేదు. లేమిలో పట్టిన యలవాటును కలిమిలో నిలుపుకొన్న వారు అరుదు.

దక్షిణాఫ్రికాలో 1910 లో, సత్యాగ్రహుల కుటుంబములకై, జోహాన్సుబర్గునకు 21 మైళ్ల దూరమున టాల్‌స్టాయి క్షేత్రము వెలసినది. మిత్రుడు కాలెన్‌బాకుగారి భూమి యది. అచట గుజరాతీలు, తమిళులు, ఉత్తరాదివారితోపాటు ఆంధ్రులును ఉండిరి. స్వగ్రామమునకు వేలమైళ్ల యావల మన భాష మాటలాడువారు అక్కడ గుంతలు త్రవ్విరి, చెట్లు నరికిరి, బరువులు మోసిరి. పిల్లలకును అదియే కసరత్తు. వేరు సామగ్రి లేదు. స్వంత పనిపై పట్టణమునకు పోవువారు నడచియే పోవలెనని నియమము. రెండుగంటలరాత్రి వేళ లేచి, ఇంట చేసిన తినుబండములు మూటగట్టుకొని బయలుదేరువారు. ఒకరు నాలుగుగంటల పదునెనిమిది నిమిషములలో చేరిరట! సంస్థకు సొమ్ము మిగిలినది. క్షేత్రమున జబ్బులు బహు స్వల్పము.

1930 మార్చి 12 న దండికి బయలుదేరునాటికి గాంధిగారికి అరువదియేండ్లు నిండినవి. సుమారు 240 మైళ్లను 24 దినములలో నడచిరి. వెంటనున్న పడుచువారిలో కొందరికి పాదములు బొబ్బలెక్కెను. 1947 ఆరంభమున, డెబ్బదియేడేండ్ల ప్రాయమున, కల్లోలముతో క్రుంగిన నౌఖాలి సీమలో పాదరక్షలు సైతము విడిచి ఊరూర తిరిగిరి. మరుసటియేడు జనవరి 30 న ఢిల్లీలో, సాయంకాల ప్రార్థనకు ఆలస్యమైనదని మనుమరాండ్ర భుజములపై చేతులుంచి వడివడిగా నడచుచుండగా తుపాకి గుండ్లు తగిలి నేలకొరిగిరి.