లైకా కెమెరా నిర్మాత ఆస్కార్ బార్నాక్

ఛాయాచిత్రకళను అభ్యసింపదలచిన విద్యార్థి మిత్రులు కొందరు నేడు మరల ఫిల్ము కెమెరాల వైపు దృష్టి సారించుచున్నారు. అన్నియు చేతితోనే అమర్చుకొనవలసిన కెమెరాలలో ఏది మేలైనదని వారి ప్రశ్న. ధరల పట్టికతో సమాధానమిచ్చుట కన్న, అట్టి కెమెరాను మనిషి కోటు జేబులోనికి తెచ్చిన ఒక పనివాని జీవితమును చెప్పుట ఉపయుక్తమని మేము భావించినాము.

ఆస్కార్ బార్నాక్ 1879 నవంబరు 1న జర్మనీలోని బ్రాండెన్‌బుర్గ్ ప్రాంతమున, లినో అను పల్లెలో జన్మించినారు. ఆయన చదువు విశ్వవిద్యాలయములో సాగినది కాదు. బెర్లిన్ చెంత ఖగోళ పరికరములు చేయు పనిశాలలో శిష్యరికము చేసి, సూక్ష్మ యంత్రముల పనితనమును అలవరచుకొన్నారు. 1902లో యేనా నగరమున జైస్ సంస్థలో చేరినారు.

సెలవు దినములలో అడవులలో తిరిగి ప్రకృతి దృశ్యములను ఛాయాచిత్రములుగా తీయుట ఆయనకు మిక్కిలి ప్రీతి. కాని ఆనాటి సరంజామా ఎట్టిది? 13×18 సెంటీమీటర్ల గాజు పలకలు, వాటికి తగిన బరువైన పెట్టె, మూడు కాళ్ళ స్టాండు. ఇవన్నియు వీపున మోయవలెను. బార్నాక్‌కు ఉబ్బసము. ఒట్టి చేతులతో గుట్ట ఎక్కుటకే ఊపిరి చాలనివాడు ఇంత బరువును ఎట్లు మోయగలడు? చిత్రములనైనా మానవలెను, పెట్టెనైనా చిన్నది చేయవలెను. 1905 ప్రాంతమున ఒకే పలకపై అనేక చిన్న చిత్రములు తీయుటకు ఆయన ప్రయత్నించినారు. పలకపై పూత ముతకది కావున, పెద్దవి చేయగానే రేణువులు పైకి తేలి బొమ్మ చెడిపోయినది.

1911లో మిత్రుడైన ఎమిల్ మెఖావ్ ప్రోద్బలముతో వెట్స్‌లార్ పట్టణములోని లైట్స్ సంస్థకు మారినారు. సూక్ష్మదర్శినులకు పేరు పొందిన సంస్థ అది. అచ్చట చలనచిత్ర కెమెరాల పనిలో ఉండగా 35 మిల్లీమీటర్ల సినిమా ఫిల్ము ఆయన చేతికి వచ్చినది. సినిమా ఫిల్ముపై ఒక్కొక్క బొమ్మ 18×24 మిల్లీమీటర్లు. బార్నాక్ ఫిల్మును అడ్డముగా నడిపించి, ఆ కొలతను రెట్టింపు చేసి 24×36గా తీసికొన్నారు. 1914 నాటికి లోహపు నమూనా సిద్ధమైనది. సినిమా ఫిల్ముతో నిశ్చల చిత్రములు తీయు కెమెరాలు అప్పటికి మరెచ్చటను లేకపోలేదు. అయితే పైనున్న గుండీని త్రిప్పిన ఫిల్ము జరుగుట, షట్టరు సిద్ధమగుట ఒకేసారి జరుగు ఈ ఏర్పాటులోనే ఆయన పనితనము గోచరించును. ఒక బొమ్మపై మరొక బొమ్మ పడు బెడద దీనితో తీరినది.

అంతలో మొదటి ప్రపంచయుద్ధము వచ్చి పని నిలిచిపోయినది. ఆ నమూనాతోనే ఆయన 1914లో వెట్స్‌లార్ వీధిలోని యుద్ధ సన్నాహమును, 1920లో పట్టణమును ముంచిన వరదను చిత్రించినారు.

యుద్ధానంతరము జర్మనీలో ద్రవ్యము విలువ కోల్పోయినది, పనులు సన్నగిల్లినవి. 1923లో సుమారు రెండు డజన్ల కెమెరాలను పరీక్షార్థము తయారుచేసినారు. ఇంత చిన్న ఫిల్మును ఎవరు నమ్ముదురని సంస్థలోనే పలువురు సందేహించినారు. కెమెరా అమ్ముడుపోనిచో ఆ నష్టము కార్మికుల కూటికే ముప్పు. అయినను 1924లో అధిపతి ఎర్నెస్ట్ లైట్స్ తయారీకి అనుమతించినారు. 1925లో లైప్‌జిగ్ వసంతకాలపు సంతలో లైకా లోకము ముందుకు వచ్చినది. దాని లెన్సును రూపొందించినది మాక్స్ బెరెక్.

ఆ మొదటి లైకాలో వెలుతురు కొలుచు సాధనము లేదు. దూరమును కంటితో అంచనా వేసి లెన్సుపైని అంకెకు త్రిప్పవలెను. ఎండను చూచి అపర్చరు నిర్ణయింపవలెను. కదలికను బట్టి, సెకనులో 500వ వంతు వరకు గల షట్టరు వేగములలో ఒకదానిని ఎన్నుకొనవలెను. బార్నాక్ బరువును తగ్గించినారే గాని ఆలోచన పనిని తగ్గింపలేదు. నేర్చుకొనువానికి ఇది లోపము కాదని మా అభిప్రాయము. పెంటాక్స్ సంస్థ 1976లో విడుదల చేసిన కె 1000 గాని, నికాన్ సంస్థ 1982లో తెచ్చిన ఎఫ్ఎమ్ 2 గాని ఈ తెగకు చెందినవే. బ్యాటరీ వెలుతురు కొలుచుటకు మాత్రమే. అది అయిపోయినను షట్టరు ఆగదు. పాతది కొనునపుడు పేరు కన్న ముందు లెన్సులో బూజును, నెమ్మది వేగములలో షట్టరు తడబాటును పరీక్షించుకొనుట మంచిది. (లైకాల ధర విన్న విద్యార్థి ఎటులను వాటి జోలికి పోడు!)

లెన్సులు మార్చుకొను సదుపాయము 1930లోను, దూరమును కొలుచు సాధనము కెమెరాలోనే కలిసిన నమూనా 1932లోను, ఒక సెకను వరకు నెమ్మది వేగములు గల నమూనా 1933లోను వెలువడినవి. బార్నాక్ 1936 జనవరి 16న, 56 ఏండ్ల ప్రాయమున కన్నుమూసినారు. ఆయన శతజయంతి సంవత్సరమైన 1979లో ఆయన పేర ఒక అంతర్జాతీయ ఛాయాచిత్ర పురస్కారము నెలకొల్పబడినది. డిజిటల్ కెమెరాలలో ఫుల్ ఫ్రేమ్ అని పిలుచునది ఆయన నిర్ణయించిన 24×36 కొలతనే.