క్షామచిత్రకారుడు చిత్తప్రసాద్

కరువు తెలుగువారికి క్రొత్త కాదు. 1832-33 నాటి నందన కరువు గుంటూరు మండలమును పాడుపెట్టెను. 1876-78 నాటి ధాత కరువు రాయలసీమ పల్లెలను వల్లకాడు చేసెను. ఆ కరువుల పేళ్లు సంవత్సరనామములై పెద్దల నోట నిలిచినవి గాని, వానికి ఆహుతియైనవారి ముఖములు మనకు తెలియవు. వారి పేళ్లు చాలవరకు ఏ దస్త్రమునకును ఎక్కలేదు. 1943 నాటి వంగదేశ క్షామము విషయమున ఈ లోపమును కొంతవరకైనను తీర్చినవారు చిత్రకారులు. వారిలో మొదట స్మరింపదగినవాడు చిత్తప్రసాద్ భట్టాచార్య. ఆకలిగొన్న మనుష్యుని రూపమును నల్లసిరాతో గీచి, ఆ మనుష్యుని పేరును, ఊరును, స్థితిగతులను కూడ తెలిసికొని వ్రాసియుంచుట ఆయన పద్ధతి. గణాంకములలో కలిసిపోవలసిన మనుష్యులు ఆ విధముగా మనుష్యులుగానే మిగిలిరి.

చిత్తప్రసాద్ 1915వ సంవత్సరమున, 24 పరగణాల మండలములోని నైహాటిలో జన్మించెను. ఆయన విద్యాభ్యాసము, యౌవనము చిట్టగాంగుతో ముడివడియున్నవి. అచటి కళాశాలలో చదివెనే గాని చిత్రకళాశాలలో ఏ గురువు కడను క్రమముగ అభ్యసింపలేదు. వంగదేశపు పల్లెలలోని బొమ్మలు, పటచిత్రములు, పండుగలకు ప్రజలు చేసికొను అలంకారములు ఇవియే ఆయనకు పాఠములు. చిట్టగాంగు దేశభక్తికి పెట్టినది పేరు. 1930లో సూర్యసేన్ నాయకత్వమున జరిగిన ఆయుధాగారపు దాడి ఆ ఊరి యువకుల మనస్సులలో ఆరని నిప్పు. ఆ వాతావరణమున పెరిగిన చిత్తప్రసాద్ రైతు ఉద్యమముల వైపు ఆకర్షితుడై కమ్యూనిస్టు పక్షమున చేరెను. జాతిని తెలుపు భట్టాచార్య నామమును విడిచి చిత్తప్రసాద్ అను పేరుతోనే చిత్రములపై సంతకము చేయుచుండెను.

1942లో యుద్ధము చిట్టగాంగు గుమ్మమునకు వచ్చెను. మార్చి నెలలో రంగూను జపానువారి వశమాయెను. బర్మానుండి లక్షలకొలది భారతీయులు అడవులలోను కొండదారులలోను నడిచి స్వదేశమునకు తరలివచ్చిరి. రంగూను రేవులోను, మిల్లులలోను పాటుపడిన తెలుగు కూలీలు వారిలో అసంఖ్యాకులు. అరకాను దారి పట్టినవారికి మొదట కనబడు పెద్ద ఊరు చిట్టగాంగే. ఆ దినములలో చిత్తప్రసాద్ జపాను దండయాత్రను ప్రతిఘటింపుడని ప్రబోధించు గోడచిత్రములను చేతితో గీచి పల్లెలలో ప్రదర్శించుచుండెను. ఆ పల్లెజనులలో పెక్కురు నిరక్షరులు. కనుక చిత్రము తానే మాటాడవలెను. దూరమునుండి చూచినను తెలియవలెను. ఒక్కరంగుతో, తక్కువ వ్యయముతో ముగియవలెను. నలుపు తెలుపుల తీవ్రతయే ప్రధానమైన ఆయన శైలి ఈ అవసరములలోనే రూపుదిద్దుకొనెను.

అంతలో యుద్ధముకంటె క్రూరమైన శత్రువు ప్రవేశించెను. వంగదేశ క్షామమునకు కారణములు పలు. బర్మా బియ్యము రాక నిలిచిపోయెను. శత్రువునకు దక్కరాదని ప్రభుత్వము తీరప్రాంతముల ధాన్యమును తరలించెను. పదిమందికి మించి ఎక్కగల పడవలను స్వాధీనము చేసికొనెను. పడవయే బండియైన ఆ నదులదేశమున దీనితో జాలరులు, కుమ్మరులు, చిల్లరవర్తకులు ఒక్కసారిగా నిరాధారులైరి. 1942 అక్టోబరు 16వ తేదీన గొప్ప తుపాను, దానితోబాటు ఉప్పెన మిద్నాపూరు తీరమును ముంచి వేలకొలది జనులను, పశువులను, చేతికి రానున్న పంటను హరించెను. యుద్ధవ్యయముచే ధరలు మిన్నుముట్టెను. వర్తకులు ధాన్యమును దాచిరి. కూలివాని కూలి మాత్రము పెరుగలేదు. దేశమున బియ్యము లేకపోవుటకంటె ఉన్న బియ్యమును కొనగల శక్తి పేదలకు లేకపోవుటయే ఆ మరణములకు ముఖ్యహేతువని అమర్త్య సేన్ 1981లో ప్రకటించిన గ్రంథమున ప్రతిపాదించెను.

పరిపాలనతో పరిచయము గలవారు గమనింపదగిన విశేషము మరియొకటి కలదు. ధాత కరువు తరువాత, 1880 నాటి క్షామసంఘపు సిఫార్సులను పురస్కరించుకొని, రాష్ట్రములకు క్షామనిబంధనావళులు ఏర్పడెను. క్షామమున్నదని ప్రకటించినంతనే పనులు కల్పించుట, అశక్తులకు ఉచితముగ అన్నము పెట్టుట ప్రభుత్వమునకు విధి యగును. దక్షిణదేశపు ప్రజలు ప్రాణములిచ్చి సంపాదించిన నిబంధనలవి. 1943లో వంగరాష్ట్ర ప్రభుత్వము ఆ ప్రకటన చేయలేదు. జనులు చచ్చుచునే యుండిరి. కాగితముమీద మాత్రము క్షామము లేదు. కలకత్తా వీథులలో గ్రామీణులు అన్నము కూడ అడుగుట మాని ఇంటింట గంజినీళ్లు యాచించిరి. 1945లో వెలువడిన విచారణసంఘపు నివేదిక మృతుల సంఖ్యను 15 లక్షలుగా అంచనా వేసెను. తరువాతి పరిశోధకులు దానిని సుమారు 30 లక్షలకు పెంచిరి. యుద్ధకాలపు నిర్బంధములచే పత్రికలు నోరు మెదపలేని ఆ స్థితిలో, 1943 ఆగస్టునెలలో స్టేట్స్‌మన్ పత్రిక కలకత్తా వీథులలోని ఛాయాచిత్రములను ప్రచురించిన పిమ్మటనే దూరదేశములకు విషయము తెలిసెను. చిత్రమునకు గల బలమేమో ఆనాడు అందరును గ్రహించిరి.

1943 నవంబరులో చిత్తప్రసాద్ మిద్నాపూరు మండలమును చూడబోయెను. తుపానుచే ఒకమారు, కరువుచే ఒకమారు దెబ్బతిన్న ఆ సీమలో ఆయన కాలినడకను ఊరూర తిరిగెను. చేతిలో కాగితములు, కలము, సిరా తప్ప వేరు సాధనములు లేవు. పొలమును, ఎద్దులను, తుదకు ఇంటి తలుపులను సైతము అమ్ముకొన్న రైతులు, పైరు పండియున్నను కోయుటకు ఓపికలేని కూలీలు, వైద్యము లేని వైద్యశాలలు, బిడ్డను ఒడిలో నుంచుకొని చూపు చెదరిన తల్లులు, పాడుపడిన ఇండ్లలో స్వేచ్ఛగా తిరుగుచున్న నక్కలు ఇవి ఆయన చూచినవి. ఆకలిచే కృశించిన దేహమును గీయుటలో ఆయన జాలిని ప్రేరేపించు అలంకారములను దరికి రానీయలేదు. ఎముకను ఎముకగా గీచెను. కాని కన్నులను మాత్రము ఎన్నడును శూన్యముగా విడువలేదు. చూచువానిని తిరిగి చూచు కన్నులవి. ఒక్కొక్క మనుష్యుని కథను విని, ఎవడు ఎంత భూమిని ఎవనికి అమ్మెనో, ఇంటిలో ఎందరు పోయిరో తెలిసికొనెను. దానిచే ఆ చిత్రములు చిత్రములుగనే గాక సాక్ష్యములుగను నిలిచెను.

ఈ పర్యటనఫలముగా హంగ్రీ బెంగాల్ అను చిన్న ఆంగ్లపుస్తకము వెలువడెను. చిత్రములును, వచనమును ఆయనవే. ధాన్యము దాచినవారిని, సహాయము పేరిట జరిగిన అక్రమములను, అధికారుల అలసత్వమును అందు దాపరికము లేక వర్ణించెను. ప్రభుత్వము ఊరకుండలేదు. ముద్రితమైన 5,000 ప్రతులను స్వాధీనము చేసికొని తగులబెట్టించెను. ఆకలిని ప్రకటింపని ప్రభుత్వము ఆకలిచిత్రములను చూచి భయపడెను. అయినను ఆయన కలము నిలువలేదు. మరుసటి యేడు చిట్టగాంగు మొదలగు తూర్పుమండలములను తిరిగి, బొంబాయినుండి వెలువడు పీపుల్స్ వార్ వారపత్రికకు చిత్రములను, వార్తలను పంపుచుండెను.

క్షామనివారణకు ధనము కావలెను; ధనమునకు జనుల హృదయములు కరుగవలెను. ఈ కార్యమున చిత్రకారునితో నటులు, గాయకులు చేతులు కలిపిరి. 1943 మే 25వ తేదీన బొంబాయిలో అఖిలభారత ప్రజానాట్యసంఘము ఏర్పడెను. జనులు ఇప్టా అని వ్యవహరించు సంస్థ ఇదియే. వినయ రాయ్ నాయకత్వమున వంగగాయకులు, నటులు ఒక దళముగా ఏర్పడి బొంబాయి, పంజాబు మున్నగు ప్రాంతములలో తిరిగి క్షామగీతములను పాడి, రూపకములను ఆడి, వంగదేశ సహాయనిధికి చందాలు సేకరించిరి. విజన్ భట్టాచార్య రచించిన నవాన్న నాటకము 1944లో కలకత్తా రంగస్థలముపై రైతు ఆకలిని నిలిపెను. ఈ ఉద్యమమునకు ఆంధ్రశాఖగా తెలుగునాట ప్రజానాట్యమండలి వెలసి బుర్రకథలను, వీథినాటకములను పల్లెపల్లెకు కొనిపోయెను.

ఇట్టి సంస్థకు ఒక గుర్తు కావలసెను. ఆ గుర్తును రచించినవాడు చిత్తప్రసాద్. కోలలు చేతబట్టి నగారా మ్రోగించుచున్న మనుష్యుడు, అంతే. సంస్థ సంకల్పము పెక్కు విధములైనను, దాని మొదటి సంవత్సరముల గొప్ప కార్యము కరువు నెదుర్కొనుటయే. కావున ఆ చిహ్నమున ఎండిన డొక్కనో, చాచిన చేతినో, ఖాళీ సత్తుగిన్నెనో చూపుట సులభము. అట్టివానిని వందలకొలదిగ గీచిన చేతికి అది మరియు సులభము. కాని ఆయన గోడచిత్రమునకును చిహ్నమునకును గల భేదమును ఎరిగినవాడు. గోడచిత్రము నేటి కష్టమును చాటును. రేపు దానిపై మరియొకటి అతికింపబడును. చిహ్నము ఏండ్లతరబడి నిలిచి ఆ సంస్థ ఎవరిదో తెలుపును. బిచ్చమెత్తు చేతిని చిహ్నముగా చేసినచో ఆ ప్రజలు ఎల్లప్పుడును బిచ్చగాండ్రుగనే కనబడుదురు. నగారా అట్లు గాదు. పల్లెలో అపాయము కలిగినను, జాతర జరిగినను అందరిని పిలుచునది అదియే. దాత, గ్రహీత అను భేదము దాని పిలుపునకు లేదు. పైగా కొద్ది గీతలతో ముగిసిన ఆ రూపము పెద్ద తెరమీదను చిన్న టిక్కెట్టుమీదను ఒక్కవిధముగనే భాసించును. ఇన్ని దశాబ్దములు గడచినను ఆ సంస్థ ఆ గుర్తునే ధరించియుండుట దాని సార్థకతకు నిదర్శనము.

ఆ కాలమున క్షామమును చిత్రించినవాడు చిత్తప్రసాద్ ఒక్కడే కాడు. కలకత్తాలో జైనుల్ ఆబిదీన్ కుంచెతో వేసిన నల్లని రేఖాచిత్రములు లోకప్రసిద్ధములు. చిట్టగాంగు యువకుడు సోమనాథ్ హోర్‌ను చిత్తప్రసాద్ వెంటబెట్టుకొని వైద్యశాలలకు, వీథులకు కొనిపోయి, ఆకలిగొన్నవారిని ఎదుట చూచి గీయుట నేర్పెను. ఆ శిష్యుడు తరువాత శాంతినికేతనమున ఆచార్యుడై, గాయము అను ఒక్క విషయమునే జీవితాంతము శిల్పములందు, ముద్రణచిత్రములందు ధ్యానించెను.

తరువాత చిత్తప్రసాద్ బొంబాయిలో స్థిరపడెను. 1940 దశకము చివర పార్టీ విధానములు ఆయనకు రుచింపక క్రియాశీల రాజకీయములనుండి తొలగెను. కాని తన ప్రజలనుండి తొలగలేదు. అంధేరీలోని చిన్న యింట ఒంటరిగా, నిత్యదారిద్ర్యముతో కాలము గడపెను. చిత్రములను ధనికులకు అమ్ముకొను నేర్పు ఆయనకు లేదు, కోరికయు లేదు. రాతికంటెను, కొయ్యకంటెను చవుకయైన లినోలియము పలకపై చెక్కి అచ్చు తీయుట ఆయన ముఖ్యవృత్తి యాయెను. ఒక్క పలకనుండి పెక్కు ప్రతులు వచ్చును గనుక చిత్రము బీదవాని గోడకును చేరగలదని ఆయన ఆశ. శాంత్యుద్యమమునకు చిత్రములు చెక్కెను. పేటలోని పిల్లలకై ఖేలాఘర్ అను బొమ్మలాటశాలను నెలకొల్పి బొమ్మలను తానే తయారు చేసెను.

పిల్లలను ఆడించిన ఆ చేతులే ఆటలెరుగని పిల్లలను గూర్చి ఒక చిత్రమాలను చెక్కెను. బూట్లు తుడుచువారు, బరువులు మోయువారు, గారడీవాని వెంట దొమ్మరాట లాడువారు, బాటప్రక్కన నిద్రించువారు అందలి నాయకులు. ఈ చిత్రములను 1969లో ఐక్యరాజ్యసమితి బాలలనిధి డెన్మార్కుశాఖ పుస్తకముగ ప్రకటించెను. పావుశతాబ్దము క్రిందట ఒక ప్రభుత్వము తగులబెట్టిన కలమును, బాలల ఆకలి తీర్చుటకై యేర్పడిన అంతర్జాతీయసంస్థ ఈ విధముగ ఆదరించెను. దూరమున చెకోస్లొవేకియాలోను ఆయనకు మిత్రులు, అభిమానులు ఏర్పడిరి. స్వదేశమున మాత్రము గుర్తింపు స్వల్పమే. 1978లో ఆయన కన్ను మూసెను.

చిత్తప్రసాద్ రచనలు ప్రచారములే గాని కళ కావని తలచినవారు లేకపోలేదు. ప్రయోజనమును కోరిన చిత్రము అల్పాయుష్కమని వారి వాదము. కాలము ఆ వాదమునకు సమాధానము చెప్పినది. కరువు గడచెను, చందాలు ముగిసెను, ఆ నాటి గోడలు కూలెను. ఆ ముఖములు మాత్రము చెదరలేదు. ఒక చిత్రము గుక్కెడు గంజికి సాటి కాదనుట నిజమే. ఆ గంజి ఎందుకు దొరకలేదని అడుగుటకు మాత్రము చిత్రమే మిగిలినది.

తగులబడిన పుస్తకములలో ఒక ప్రతి ఆయన కుటుంబమువారి వద్ద దాగియుండెను. 2011లో ఆయన చిత్రముల ప్రదర్శన జరిగిన తరుణమున ఆ ప్రతిని యథాతథముగ పునర్ముద్రించిరి. మిద్నాపూరు రైతుల పేళ్లు, ఊళ్ల పేళ్లు అందు అట్లే యున్నవి. అయిదువేల ప్రతులను కాల్చిన నిప్పునకు ఆ యొక్క ప్రతి చిక్కలేదు, అది చాలినది.